ఏది మేలు: నిధులు తెచ్చే ఎమ్మెల్యేనా, లెక్క అడిగే ఎమ్మెల్యేనా?

అనంతపురంలో ఎమ్మెల్యే పేరెత్తితే ముందు వచ్చే ప్రశ్న "మనకేం తెచ్చినాడు?" అనే. ఖర్చు దగ్గర గట్టిగా ఉండే నాయకుడికి ఈ ప్రశ్నతో మార్కులు పడవు. నా ఓటు మాత్రం అతనికే.

నిధులు తెచ్చేవాడు వద్దని కాదు. ఏళ్ల తరబడి పట్టుబట్టి అడిగేవాళ్లు లేకపోతే మల్యాల దగ్గర ఎత్తిపోసిన కృష్ణా నీళ్లు హంద్రీనీవా కాలువలో మన జిల్లాలోని జీడిపల్లి రిజర్వాయర్ దాకా వచ్చేవి కావు. కానీ మంజూరుతో పని అయిపోదు. ఖజానాలో డబ్బు తగ్గితే జీతాలు, పింఛన్లు, వడ్డీలు ఆపలేరు, కాలువ పని ఆపేస్తారు. బిల్లులు రాక కాంట్రాక్టరు మిషన్లు తీసుకుపోతాడు. మళ్లీ మొదలయ్యేసరికి అంచనాలు పెరిగి ఉంటాయి, ఆ పెరిగింది కట్టేదీ మనమే. అందుకే కొత్త శంకుస్థాపన కంటే ముందు, సగంలో ఆగిన పనులకు ఇంకెంత కావాలో సభలో అడిగేవాడు కావాలి.

అడిగే హక్కు ఎమ్మెల్యేకి ఉంది. రాజ్యాంగం 203వ అధికరణం ప్రకారం ప్రభుత్వం అడిగిన పద్దును, అంటే ఖర్చుకు కావాలన్న మొత్తాన్ని, శాసనసభ ఒప్పుకోవచ్చు, తిరస్కరించవచ్చు, తగ్గించవచ్చు. పెంచడానికి మాత్రం వీల్లేదు. మెజారిటీ ప్రభుత్వానిదే కాబట్టి పద్దు తగ్గించమనే కోత తీర్మానం నెగ్గడం కష్టం, అయినా చర్చకు వస్తే మంత్రి జవాబు చెప్పాలి. ఖర్చయిన డబ్బు లెక్క చూసే ప్రజా పద్దుల కమిటీలో ఇంకా లోతుగా వెళ్లొచ్చు. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఇచ్చిన నివేదిక ముందు పెట్టుకుని అధికారులనే పిలిచి అడగొచ్చు. డోన్ నుంచి గెలిచిన బుగ్గన రాజేంద్రనాథ్, ఉరవకొండ నుంచి గెలిచిన పయ్యావుల కేశవ్ ఇద్దరూ ప్రతిపక్షంలో ఉండగా ఆ కమిటీకి చైర్మన్లుగా చేశారు. తర్వాత ఒకరు 2019లో, ఇంకొకరు 2024లో ఆర్థిక మంత్రులయ్యారు. పార్టీలు వేరైనా ఇద్దరూ సీమవాళ్లే. ఈ కమిటీకి ఒక లోటుంది: లెక్క దాని ముందుకొచ్చేసరికి డబ్బు ఖర్చయిపోయి ఉంటుంది. అందుకే బడ్జెట్ రోజునే పద్దులు చదివే ఎమ్మెల్యే విలువ ఎక్కువ.

అయితే అసలు అప్పే వద్దనేవాడితో నేను ఏకీభవించను. కాలువకు తెచ్చిన అప్పుతో పొలం తడుస్తుంది. నెలవారీ ఖర్చులకు తెచ్చిన అప్పుకు వడ్డీ ఒక్కటే మిగులుతుంది. ఈ తేడా చూడకుండా అన్నిటికీ ఒకే కోత పెట్టడం పొదుపు కాదు.

కరువు ఏడాది సంగతి వేరు. వేరుశనగ ఎండిపోయి జనం బెంగళూరు బస్సెక్కుతుంటే ఉపాధి పనులకు, పశుగ్రాసానికి డబ్బు అడగడానికి ఎంత పొదుపరి ఎమ్మెల్యే అయినా వెనకాడకూడదు.