ఆగిపోతే ఎక్కడ ఆగిందో చూసుకోగల కీబోర్డు

రోజంతా తెలుగు టైపు చేయడమే నా పని. అనువాదాలు, ప్రూఫులు, అప్పుడప్పుడు పాత పుస్తకాలు మళ్లీ టైపు చేసి ఇవ్వడం. అందుకే కీబోర్డుల విషయంలో నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. ఇప్పుడు వాడుతున్నది హాట్‌స్వాప్ మెకానికల్ కీబోర్డు. అందులో ప్రతి కీ కిందా ఉండే స్విచ్‌ని సోల్డరింగ్ గొడవ లేకుండా చేత్తో పీకేసి, ఇంకోటి పెట్టుకోవచ్చు. ఇలాంటివి చాలా కంపెనీలు చేస్తున్నాయి కాబట్టి మోడల్ పేరు పక్కన పెట్టి, ఆ పద్ధతి గురించే రాస్తాను. కొనొచ్చా అంటే కొనొచ్చు. గంటల తరబడి టైపు చేసేవాళ్లయితే కొనాలి. చప్పుడు బాగుంటుందనో, రంగుల లైట్లు వస్తాయనో కొనమనడం లేదు. ఇది మొరాయించినప్పుడు తప్పు ఎక్కడుందో మనమే పట్టుకోగలం, చెడిన ముక్క వరకే మార్చుకోగలం. నాకు అన్నిటికంటే ముఖ్యం అదే.

దీనికి ముందు నా దగ్గరున్నది మామూలు మెంబ్రేన్ కీబోర్డు. చాలాకాలం ఏ ఇబ్బందీ పెట్టలేదు. ఒకరోజు పని మధ్యలో ఇంగ్లీషు ఇ, డి, సి, వాటి పైనున్న 3 అంకె, నాలుగూ ఒక్కసారే ఆగిపోయాయి. ఇన్‌స్క్రిప్ట్‌లో, అంటే భారతీయ భాషల కోసం ఉన్న ప్రామాణిక కీల అమరికలో, టైపు చేసేవాళ్లకి ఇది ఎంత దెబ్బో వెంటనే అర్థమవుతుంది. డి కీ మీద పొల్లు ఉంటుంది, షిఫ్టు పట్టుకుని కొడితే అకారం. ఇ కీ మీద దీర్ఘం, షిఫ్టుతో ఆకారం. సి కీ మీద మకారం. ‘పుస్తకాలు’ అని కొడితే ‘పుసతకలు’ అని పడింది. ‘అమ్మ’ అని కొడితే ఒక్క అక్షరం కూడా పడలేదు. ఆ మాటకి కావలసిన రెండు కీలూ చచ్చిపోయిన వాటిలోనే ఉన్నాయి మరి.

పక్కపక్క కీలు గుంపుగా పోయాయంటే అది ఆయా కీల తప్పు కాదు. కీబోర్డు లోపల ఒక్కో కీకి ఒక్కో తీగ ఉండదు. గళ్ల నోటుబుక్కులో లాగా అడ్డ గీతలు, నిలువు గీతలు ఉంటాయి, అవి కలిసే ప్రతి చోటా ఒక కీ ఉంటుంది. లోపలి చిప్పు ఆ గీతల్ని ఆపకుండా తడుముతూ ఏ అడ్డగీత ఏ నిలువుగీతకి తగిలిందో చూసి ఏ కీ నొక్కారో తెలుసుకుంటుంది. ఒక గీత తెగిందా, దాని మీదున్న కీలన్నీ పోతాయి. మెంబ్రేన్ బోర్డులో ఆ గీతలు పల్చటి ప్లాస్టిక్ షీటు మీద వెండి కలిసిన ఇంకుతో అచ్చు వేసినవి. తేమ తగిలినా, షీటు మడత పడినా అవి నల్లబడి తెగిపోతాయి. నాది విప్పి చూస్తే మూడు షీట్లు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి, ఒక గీత అంచు దగ్గర వెంట్రుకంత మేర నల్లగా మారిపోయింది. టంకం పెడదామంటే ఆ వేడికి షీటు కరిగిపోతుంది. కరెంటు పారే గీతలు గీసే ఇంకు పెన్నులు ఉన్నాయి గానీ రోజంతా కొట్టే కీబోర్డుకి ఆ అతుకు ఎన్నాళ్లు నిలుస్తుందో నమ్మకం లేదు. మిగతా కీలన్నీ శుభ్రంగా పనిచేస్తున్న కీబోర్డుని వెంట్రుకంత గీత కోసం పక్కన పెట్టేయాల్సి వచ్చింది. అది నాకు నిజంగా బాధ అనిపించింది.

కీబోర్డు ఆగిందని వెంటనే కొత్తది కొనే ముందు, అసలు తప్పు కీబోర్డుదేనా అని చూసుకోవడం చాలా అవసరం. నేను ఎప్పుడూ ముందు క్యాప్స్ లాక్ నొక్కి దాని దీపం చూస్తాను. ఆ దీపం కీబోర్డు తనంతట తాను వెలిగించుకునేది కాదు. నొక్కిన సంగతి కంప్యూటరుకి చేరి, కంప్యూటరు ‘వెలిగించు’ అని తిరిగి చెబితేనే వెలుగుతుంది. కాబట్టి దీపం వెలిగి ఆరుతోందంటే కేబుల్ బాగుంది, పోర్టు బాగుంది, సిస్టం వింటోంది. అప్పుడు వెతకాల్సింది కొన్ని కీలలోనో, సెట్టింగుల్లోనో. దీపం కదలకపోతే మాత్రం మాట అసలు అవతలికి చేరడం లేదన్నమాట. ఒక పోర్టుని నాలుగైదుగా చేసే హబ్ ఏదైనా మధ్యలో ఉంటే తీసేసి నేరుగా కంప్యూటరు పోర్టుకి పెట్టి చూడాలి, తర్వాత ఇంకో పోర్టు, ఆ తర్వాత ఇంకో కంప్యూటరు. కంప్యూటరు ఆన్ అవుతుండగానే డిలీట్ గానీ ఎఫ్2 గానీ కొట్టి బయోస్‌లోకి, అంటే విండోస్ మొదలయ్యే ముందే వచ్చే సెట్టింగుల తెరలోకి, వెళ్లి చూడటం కూడా మంచి పరీక్ష. అక్కడ బాణం కీలు పనిచేసి, విండోస్‌లోకి వచ్చాక పనిచేయకపోతే కీబోర్డుకి ఏ రోగమూ లేదు.

అలాంటప్పుడు విండోస్‌లో పరికరాల జాబితా చూపించే డివైస్ మేనేజర్‌లో కీబోర్డుని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేస్తే చాలాసార్లు సరిపోతుంది, విండోస్ దాన్ని మళ్లీ కొత్తగా గుర్తిస్తుంది. రీస్టార్టే చేయాలి. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా మూతపడదు, పాత డ్రైవర్ల స్థితిని దాచుకుని మళ్లీ అదే తెస్తుంది. ఈలోగా పాస్‌వర్డు ఎలా కొట్టాలని టెన్షన్ పడక్కర్లేదు. లాగిన్ స్క్రీన్ మీద కుడివైపు కింద మూల యాక్సెసిబిలిటీ గుర్తు నొక్కితే ఆన్‌స్క్రీన్ కీబోర్డు వస్తుంది, మౌస్‌తో కొట్టుకోవచ్చు.

సెట్టింగుల వల్ల వచ్చే తంటాలు వేరు. వీటికి ఎంత మంచి కీబోర్డు కొన్నా తేడా ఉండదు. కీ మీద వేలు కాసేపు అలాగే ఉంచితే తప్ప అక్షరం పడటం లేదంటే ఫిల్టర్ కీస్ ఆన్ అయిందేమో చూడండి. కుడి షిఫ్టుని 8 సెకన్లు నొక్కి పట్టుకుంటే అది మేలుకుంటుంది. షిఫ్టు మీద వేలు పెట్టి ఆలోచనలో పడేవాళ్లకి ఇది తరచూ జరిగేదే. ఒకటి కొడితే ఇంకోటి పడుతుంటే విండోస్ కీ, స్పేస్ బార్ కలిపి నొక్కి భాష మారిందేమో చూడాలి. ల్యాప్‌టాప్‌లో జె, కె, ఎల్ కొడితే 1, 2, 3 పడుతున్నాయంటే నమ్ లాక్ ఆన్‌లో ఉందని అర్థం.

ఇక హాట్‌స్వాప్ బోర్డు సంగతికి వస్తే, మొదట మెచ్చుకోవాల్సింది కేబుల్ విడిగా ఉండటం. మెంబ్రేన్ కీబోర్డుల్లో ఎక్కువ శాతం కేబుల్ బోర్డుకే అతికించి ఉంటుంది, లోపల తీగ తెగితే మొత్తం పోయినట్టే. దీనికి టైప్‌సీ సాకెట్ ఉంది, కేబుల్ మార్చి చూడటం నిమిషం పని. ఒక్క జాగ్రత్త చెప్పాలి. బోర్డు లైట్లు వెలుగుతున్నాయి కాబట్టి కేబుల్ బాగుందని అనుకోవద్దు. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్లు ఉంటాయి, వాటిలో కరెంటు వెళ్తుంది, డేటా వెళ్లదు. బోర్డంతా వెలిగిపోతుంటుంది, ఒక్క అక్షరం పడదు. ఇలాంటి ఫిర్యాదుతో ఎవరైనా నన్ను అడిగితే ముందు ఫోన్‌ని అదే కేబుల్‌తో కంప్యూటరుకి పెట్టి ఫొటోలు తెరుచుకుంటున్నాయా అని చూడమంటాను.

అసలైన పరీక్ష కొంతకాలం వాడాక వచ్చింది. ఎఫ్ కీ మీద ఉండే గుడి రెండేసి సార్లు పడటం మొదలైంది. ఇంగ్లీషులో అయితే రెండు ఎఫ్‌లు పడతాయి, చెరిపేసుకుంటాం. తెలుగులో ఒక హల్లుకి రెండు గుడులు కుదరవు కదా. రెండో గుడి పక్కన చుక్కల సున్నా ఒకటి తెచ్చుకుని దాని మీద కూర్చునేది. పేజీ నిండా అక్కడక్కడ ఆ చుక్కల సున్నాలు కనిపిస్తుంటే ప్రూఫు చూసేవాళ్లకి ఎంత చిరాకో నాకు తెలుసు.

ఇలా జోడు పడటానికి కారణం స్విచ్‌లోనే ఉంటుంది. లోపల రెండు సన్నటి లోహపు ఆకులు ఉంటాయి, కీ నొక్కితే ఒకదానికొకటి తగులుతాయి. తగిలినప్పుడు సూటిగా అతుక్కోవు, కొన్ని మిల్లీసెకన్ల పాటు అదురుతాయి. ఆ అదురుని లెక్కలోకి తీసుకోకుండా బోర్డు లోపలి ప్రోగ్రాం కాస్త ఆగుతుంది, సాధారణంగా 5 మిల్లీసెకన్లు. ఆకుల మధ్య దుమ్ము చేరినా, స్విచ్ అరిగినా అదురు ఆ గడువు దాటిపోతుంది, ఒక్క నొక్కుడు రెండుగా చేరుతుంది.

స్విచ్‌దా, దాని కింద సాకెట్‌దా తప్పు? తేల్చుకోవడానికి ఎఫ్ కింద స్విచ్‌నీ, ఎప్పుడూ వాడని స్క్రోల్ లాక్ కింద స్విచ్‌నీ పీకి అటుదిటు మార్చాను. కీక్యాప్ పుల్లర్‌తో పైటోపీ తీయాలి, తర్వాత స్విచ్ పుల్లర్‌ని పైన, కింద ఉన్న కొక్కేల దగ్గర పట్టించి నొక్కి నిలువుగా లాగాలి. మార్చాక గుడి ఒక్కటే పడింది. స్క్రోల్ లాక్ ఒక్కసారి నొక్కితే దాని దీపం వెలిగి ఆ క్షణంలోనే ఆరిపోయింది. ఒకే నొక్కుడుకి కంప్యూటరు రెండుసార్లు విన్నదన్నమాట. తప్పు స్విచ్‌తో పాటే వెళ్లింది, సాకెట్ శుభ్రంగా ఉంది. పెట్టెలో ఇచ్చిన అదనపు స్విచ్‌లలోంచి ఒకటి పెట్టాను, పని అయిపోయింది. స్క్రూ డ్రైవర్ కూడా ముట్టుకోలేదు. తప్పుని ఇంత కచ్చితంగా చూపించే కీబోర్డు ఇంతకుముందు నా చేతికి రాలేదు.

కొత్త స్విచ్ పెట్టాక కీ అసలు పలక్కపోతే కంగారు పడకండి. మళ్లీ పీకి దాని రాగి కాళ్లు చూడండి. సాకెట్ రంధ్రంలోకి దిగకుండా ఒక కాలు పక్కకి మడతపడి అడుగుకి అతుక్కుని ఉంటుంది. ట్వీజర్‌తో మెల్లగా నిలబెట్టి, నిటారుగా దించితే పలుకుతుంది. రెండు మూడు సార్లకి మించి వంచితే మాత్రం విరుగుతుంది.

లోపాలు లేకపోలేదు. ఇందులో ఇచ్చిన పుల్లర్ పల్చటి రేకుతో చేసింది, గట్టి స్విచ్‌ల దగ్గర వంగిపోతుంది. మంచిది విడిగా తెచ్చుకోవాలి. అంతకన్నా పెద్ద లోపం సాకెట్లు కింది వైపు టంకంతో మాత్రమే నిలబడి ఉండటం. స్విచ్‌ని బలంగా తోస్తే సాకెట్ బోర్డు నుంచి ఊడి వచ్చే ప్రమాదం ఉంది, అప్పుడు మళ్లీ సోల్డరింగే గతి. మాటిమాటికి స్విచ్‌లు మార్చి సరదా తీర్చుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. లైట్ల సాఫ్ట్‌వేర్ నాకు ఏమీ నచ్చలేదు, తీసేశాను. అది లేకపోయినా టైపింగ్‌కి ఏ లోటూ లేదు.

వైర్‌లెస్‌గా వాడినప్పుడు అక్షరాలు ఎగిరిపోతుంటే, కంప్యూటరు పోర్టులో పెట్టే చిన్న రిసీవర్ ఎక్కడ పెట్టారో చూడండి. యూఎస్‌బీ 3.0 పోర్టుల నుంచి వచ్చే రేడియో రొద, ఆ రిసీవర్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పడుతుంది. ఇంటెల్ 2012లోనే దీని మీద పత్రం ప్రచురించింది. రిసీవర్‌ని ఒక పొడుగు ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో ఆ పోర్టుల నుంచి దూరంగా జరిపితే తేడా వెంటనే తెలుస్తుంది. బ్యాటరీ మార్చే ముందు ఈ పని చేయండి. నేనైతే పని వేళల్లో కేబుల్‌తోనే వాడతాను.

నీళ్లు ఒలికితే హాట్‌స్వాప్ అయినా మెంబ్రేన్ అయినా ఒకటే, ముందు కేబుల్ పీకి బోర్లించాలి. తేడా ఆ తర్వాతే. ఇందులో స్విచ్‌లన్నీ పీకేసి, బోర్డుని ఐసోప్రొపిల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక మళ్లీ పెట్టుకోవచ్చు. చక్కెర ఉన్న పానీయం ఒలికితే ఆరబెట్టడం ఒక్కటే సరిపోదు, జిగురు స్విచ్‌ల లోపల ఉండిపోతుంది. అలాంటి స్విచ్‌లు మార్చేయడమే నయం.

రోజుకి నాలుగు మెయిల్స్ కొట్టేవాళ్లకి ఇదంతా అవసరం లేదు, మెంబ్రేన్ చాలు. రోజంతా కొట్టేవాళ్లు కొనేటప్పుడు మూడు విషయాలు అడిగి తెలుసుకోండి. కేబుల్ ఊడదీసుకునేదా? సాకెట్లు అన్ని కీలకీ ఉన్నాయా, కొన్నిటికేనా? మూడు కాళ్ల స్విచ్‌లు మాత్రమే పడతాయా, ఐదు కాళ్లవి కూడా పడతాయా? ఐదు కాళ్లవి పట్టే బోర్డులో రెండు రకాలూ దిగుతాయి. మూడు కాళ్ల బోర్డులో ఐదు కాళ్ల స్విచ్ పెట్టాలంటే పక్కనున్న రెండు ప్లాస్టిక్ కాళ్లు కత్తిరించుకోవాలి. అదనంగా కొన్ని స్విచ్‌లు అదే రకంవి ఇప్పుడే తీసి ఉంచుకోండి. ఇన్‌స్క్రిప్ట్‌లో కొట్టేవాళ్లకైతే మొదట అరిగేవి ఎడమచేతి కిందవే, ఎందుకంటే పొల్లూ గుణింతాలూ దాదాపు అన్నీ అటువైపే ఉన్నాయి.