ఆట ముగిశాక: కోచింగా, చట్టసభా?

న్యూజీలాండ్ నెట్‌బాల్‌లో (బాస్కెట్‌బాల్‌ను పోలిన, జట్టుకు ఏడుగురు ఆడే ఆట) రెండు దారులకూ మంచి ఉదాహరణలున్నాయి. లోయిస్ మ్యూర్ దేశం తరఫున ఆడి, 1974 నుంచి 1988 వరకు జట్టుకు కోచ్‌గా ఉన్నారు. 17 ఏళ్లకే, 1989లో సిల్వర్ ఫెర్న్స్ (న్యూజీలాండ్ జాతీయ నెట్‌బాల్ జట్టు) జెర్సీ వేసుకున్న లూయిసా వాల్ పార్లమెంటుకు వెళ్లారు.

ఫలితం: కోచ్‌కు 15 నిమిషాల క్వార్టర్ ముగిసేసరికే తెలిసిపోతుంది. బంతిని మూడు సెకన్లకు మించి పట్టుకోకూడదు కాబట్టి, సెంటర్ పాస్ (ఆటను మొదలుపెట్టే పాస్) అందుకోవడానికి వింగ్ అటాక్ స్థానంలో ఆడే క్రీడాకారిణి అర అడుగు ఆలస్యమైనా తప్పు కళ్లముందే కనబడుతుంది. సరిదిద్దడానికి విరామం ఉంది.

చట్టసభలో అలా కాదు. అక్కడ మంత్రులు కాని సభ్యుల బిల్లు చర్చకు రావాలంటే, మామూలుగా ముందు పాత బిస్కెట్ డబ్బాలోంచి తీసే లాటరీలో దాని నంబరు పలకాలి! వాల్ స్వలింగ వివాహ బిల్లు 2012లో అలాగే వచ్చింది. కమిటీ పరిశీలన, మూడు పఠనాలు (సభలో మూడు దశల చర్చ, ఓటింగ్) దాటి, 2013 ఏప్రిల్‌లో 77–44 ఓట్లతో గెలిచింది.

రిస్కు: మ్యూర్‌కు 1979లో ప్రపంచ టైటిల్‌ను మరో రెండు జట్లతో పంచుకోవాల్సి వచ్చింది, 1987లో పూర్తిగా దక్కింది. వాల్ 2008లో సభలోకి వచ్చి, ఆ ఏడాది ఎన్నికల్లోనే సీటు పోగొట్టుకుని, 2011లో తిరిగొచ్చారు.

ఏడుగురిని ఒక్క లయలో కదిలించడమే ఇష్టమైతే కోచింగ్. ఆట కోర్టు బయటి నియమాలు మార్చాలనుంటే, ఓటమి తర్వాత ఏళ్లు ఆగగలిగితే, రాజకీయం.