హన్మకొండలో నేను చేసిన సెక్యూరిటీ గార్డ్ ట్రైనింగ్: ఎట్లా ఉందంటే

తొమ్మిదేళ్లు చీరల షాపులో సేల్స్‌లో పనిచేశాను. షాపు ఎత్తేశాక మూడు నెలలు ఖాళీగా ఉండి, హన్మకొండలో ఒక సెంటర్‌లో సెక్యూరిటీ ట్రైనింగ్‌లో చేరాను. ఇప్పుడు ఒక ప్రైవేటు ఆసుపత్రి గేటు దగ్గర డ్యూటీ చేస్తున్నాను. మాది గీసుగొండ దగ్గర ఊరు. మా వాడకట్టులో వాళ్లందరూ "అక్కా, నిజంగ నేర్పిస్తరా, పైసలు తీసుకొని సర్టిఫికెట్ చేతిల పెడతరా?" అని అడుగుతున్నారు. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు రూల్ సంగతి. 2005లో వచ్చిన ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం ప్రకారం ట్రైనింగ్ లేని మనిషిని గార్డుగా పెట్టుకోకూడదు. వయసు 18 నుంచి 65 మధ్య ఉండాలి. కేంద్రం ఇచ్చిన మోడల్ రూల్స్‌లో క్లాసు 100 గంటలు, ఫీల్డ్ 60 గంటలు, కనీసం 20 పనిదినాలు అని ఉంది. మిలిటరీ, పోలీసు నుంచి రిటైరైన వాళ్లకు తక్కువ. ఆడవాళ్లకు ఎత్తు 150 సెంటీమీటర్లు చాలు. కిలోమీటరు ఆరు నిమిషాల్లో పరుగెత్తగలగాలి. నాకు అసలు టెన్షన్ ఈ పరుగు దగ్గరే. మొదటి రోజు సుబేదారిలో ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో సగం దూరానికే ఆగిపోయాను. రోజూ పొద్దున ఐదున్నరకు వెళ్లి ప్రాక్టీస్ చేస్తే మూడో వారానికి ఆరు నిమిషాల లోపు వచ్చింది.

మాకు చెప్పిన సార్ ఆర్మీలో హవల్దార్‌గా చేసి రిటైరయ్యారు. ఆయన కోసమైనా ఆ సెంటర్‌లో చేరొచ్చు అంటాను. బెల్టు, బూటు లేసు, ఎడమ జేబులో విజిల్, రోజూ చూసేవారు. గేటు దగ్గర గొడవపడే మనిషిని ఎట్లా ఆపాలో మా చేతనే చేయించారు. ఒకరు తాగి వచ్చిన పేషెంట్ బంధువు, ఒకరు గార్డు. నేను ఎదురుగా నిలబడి చెయ్యి అడ్డం పెట్టాను. "ఎదురుంగ నిలబడకమ్మా, గేటుకు, మనిషికి నడుమ నలిగిపోతవ్. ఒక పక్కకు జరుగు, చేతులు వాళ్లకు కనబడాలె, గొంతు తగ్గించు" అన్నారు. నాలుగుసార్లు చేయించారు. ఇప్పుడు రోజూ పనికొచ్చేది అదే.

రిజిస్టర్ మీద రెండు రోజులు కూర్చోబెట్టారు. టైము 24 గంటల లెక్కలో రాయాలి, తప్పు పోతే దిద్దకూడదు, ఒక్క గీత కొట్టి పక్కన సంతకం పెట్టాలి. మన ఊళ్లో బండ్లకు ఏపీ 36, టీఎస్ 03, టీజీ 03 మూడు రకాల నంబర్లూ తిరుగుతుంటాయి. ఇంగ్లీషు అక్షరాలు గబగబా రాయడం నాకు రాదు. రాత్రి అన్నాలు తిన్నాక మా పాప నంబర్లు చదివేది, నేను రాసేదాన్ని. పది, ఇరవై పేజీలు నిండాక చెయ్యి తిరిగింది. చదువు తక్కువని వెనకాడే వాళ్లు దీనికి భయపడొద్దు.

ఇక నాకు బాధనిపించినవి కూడా రాయాలి. నిప్పు ఆర్పడం నేర్పిన రోజు 31 మందికి ఒకటే సిలిండర్ తెచ్చారు. ట్రేలో డీజిల్ పోసి అంటించారు, నలుగురు నొక్కేసరికి పౌడర్ అయిపోయింది. మిగతా వాళ్లందరం చూసి చప్పట్లు కొట్టి ఇంటికి పోయాం. సిలిండర్ సంగతి చూసి నేర్చుకునేది కాదు. పిన్ను లాగేటప్పుడు సీలు ఎంత గట్టిగా ఉంటుందో, నొక్కగానే పైపు చేతిలో ఎట్లా ఎగురుతుందో పట్టుకుంటేనే తెలుస్తుంది. మరుసటి రోజు ఆఫీసులో నిలబడి అడిగాను. వారం తర్వాత ఇంకో రెండు తెప్పించారు. గాలి వీపు వైపు ఉండేలా నిలబడి, పైకి లేచే మంట మీద కాకుండా దాని అడుగున కొట్టాను. కరెంటు మంటకు వాడే సీఓటూ (కార్బన్ డయాక్సైడ్ గ్యాస్) సిలిండర్ కొమ్మును, అంటే గ్యాస్ బయటికొచ్చే గరాటు లాంటి మూతిని, చేత్తో పట్టుకోకూడదట, అంత చల్లబడుతుంది.

రెండోది, ఇచ్చిన నోట్స్ పాతవి. ఆత్మరక్షణ హక్కుకు పాత శిక్షల చట్టం ఐపీసీలో సెక్షన్లు 96 నుంచి 106 అని రాసి ఉంది. 2024 జులై 1 నుంచి దాని బదులు భారతీయ న్యాయ సంహిత వచ్చింది, అందులో అవి 34 నుంచి 44. దొంగను కళ్లముందు పట్టుకుంటే ఆలస్యం చేయకుండా, ఎట్టి పరిస్థితుల్లో ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పజెప్పాలన్న కొత్త మాట కూడా నోట్స్‌లో లేదు. సార్ నోటితో చెప్పారు కాబట్టి తెలిసింది.

మూడోదే పెద్దది. ఫీల్డ్ ట్రైనింగ్ అని మమ్మల్ని హంటర్ రోడ్‌లో ఒక ఫంక్షన్ హాల్‌కు నాలుగు రోజులు పంపి పార్కింగ్‌లో నిలబెట్టారు. నేర్పే మనిషి లేడు, పైసా ఇవ్వలేదు. రాత్రి పన్నెండింటికి వదిలారు. ఊళ్లకు పోవాల్సిన ఆడవాళ్లం ఆరుగురం, ఆ టైముకు బస్సు ఎక్కడిది? ఆ రాత్రి మా ఆయన బండి మీద వచ్చి తీసుకెళ్లాడు. ఒక చెల్లె మాత్రం తెల్లారేదాకా హాల్ మెట్ల మీదే కూర్చుంది. అందరం కలిసి వెళ్లి ఇది ట్రైనింగ్ కాదని గట్టిగా అడిగాం. ఆ తర్వాతే ఆసుపత్రిలో, బ్యాంకులో పగటి డ్యూటీ చూపించారు.

ఫీజు నాలుగున్నర వేలు, యూనిఫాం వేరే. ఆ సార్ ఉన్నంతవరకు ఆ డబ్బుకు సరిపడా నేర్చుకుంటారు. చేరేముందు మాత్రం ఫీల్డ్ ఎక్కడ, ఏ టైము, ఎవరు చూపిస్తారు, సిలిండర్ అందరి చేతా నొక్కిస్తారా అని అడిగి కాగితం మీద రాయించుకోండి. రాయనంటే ఇంకో చోట చూసుకోండి.

పోయిన నెల డ్యూటీ ఎక్కగానే రెండో అంతస్తు మెట్ల దగ్గర సిలిండర్ చూశాను. ప్రెషర్ చూపే ముల్లు పచ్చగీత దాటి ఎర్రలో ఉంది. రిజిస్టర్‌లో 06:10 అని రాసి సూపర్‌వైజర్‌కు చెప్పాను. మూడో రోజు కొత్తది పెట్టారు.