తాబేలు కోసం పడవ మాట్లాడుకోవాలా, షేర్ పడవ చాలా?

పోయిన ఆదివారం మా కొండాపూర్ అపార్ట్‌మెంట్ ఈతకొలనులో ఒక ప్రయోగం జరిగింది. సంక్రాంతి సెలవుల్లో సముద్ర తాబేళ్ళను నీళ్ళలో దిగి చూడాలని మా అక్కవాళ్ళూ మేమూ అనుకుంటున్నాం. మాస్కూ ఊపిరి పీల్చుకునే గొట్టమూ ముందే కొని అలవాటు చేసుకుందామన్నాను. బావగారు మాస్కు బిగించుకుని తల ముంచారు, పది సెకన్లకే లేచారు. లోపల ముక్కు దాకా నీళ్ళు. పట్టీ ఇంకాస్త బిగించాం, మళ్ళీ నీళ్ళు. మా అమ్మాయి మాస్కు ఇస్తే అదీ అంతే. చివరికి లోపం మాస్కుది కాదు, మీసానిదని తేలింది. సిలికాన్ అంచు చర్మానికి అంటుకుంటేనే నీరు ఆగుతుంది. ముక్కు కింద దట్టమైన మీసం ఉంటే వెంట్రుకల సందుల్లోంచి సన్నగా ఊరుతూనే ఉంటుంది. మీసానికి కాస్త వేజలీన్ పట్టిస్తే చాలావరకు ఆగుతుందని చెప్పాను. "వేజలీన్ రాస్తాను గానీ కత్తెర మాట మాత్రం ఎత్తకు" అన్నారు బావగారు.

మీసం సంగతి తేలింది గానీ పడవ సంగతి తేలలేదు. పడవంతా మనకే మాట్లాడుకుందామని అక్క. పదిమందితో కలిసి వెళితే సగానికి సగం మిగులుతుంది కదా అని బావగారు. అసలు పడవ ఎందుకు, ఒడ్డు నుంచే దిగవచ్చు కదా అని మా ఆవిడ. హైదరాబాద్ వాళ్ళకు పడవ ప్రయాణమంటే లుంబినీ పార్కులో ఎక్కి బుద్ధ విగ్రహం దగ్గర దిగడమే. అంతకు మించి ఈ మూడు రకాలుగానూ ఒక్కోసారి వెళ్ళి వచ్చినవాణ్ణి ఇంట్లో నేనొక్కణ్ణే కాబట్టి తీర్పు చెప్పే పని నా మీద పడింది.

ముందు షేర్ పడవ. మెహదీపట్నంలో షేర్ ఆటో ఎలా నిండితే గానీ కదలదో ఇదీ అంతే, నలుగురి తొందరకు తగ్గట్టే నడుస్తుంది. అండమాన్‌లో నీల్ దీవికి (2018 డిసెంబరులో దాని పేరు షహీద్ ద్వీప్ అయింది) వెళ్ళినప్పుడు మా పడవలో పన్నెండు మందిమి. ఈత రానివాళ్ళను గైడు ఒక రబ్బరు ట్యూబుకు ఇద్దరేసి చొప్పున పట్టుకోమని లాక్కుపోతాడు. ఈత వచ్చినవాళ్ళం లైఫ్ జాకెట్లతో వెనక వెళ్ళాం. అడుగున గడ్డి మేస్తూ ఒక పచ్చ తాబేలు. పెంకు మీద ఎండ చారలు వలలా ఊగుతున్నాయి. ముందు రెక్కతో గడ్డిని పక్కకు తోస్తూ, ఒక్కో పరక తుంపుతూ, తీరిగ్గా తింటోంది. రెండు నిమిషాలు కాలేదు, వెనక ఎవరో "అదిగో, అదిగో" అని కేక పెట్టారు. అందరూ ఒక్కసారిగా అటు కొట్టుకొచ్చారు. ఇసుక లేచి నీళ్ళు మజ్జిగలా అయిపోయాయి. తేటపడేసరికి గడ్డి ఉంది, తాబేలు లేదు. ఆ తర్వాత గైడు గడియారం చూశాడు. తరువాతి జట్టు జెట్టీ దగ్గర ఎదురు చూస్తోందట.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. తాబేలుకు చేపకున్నట్టు మొప్పలు ఉండవు, ఊపిరితిత్తులే. మేస్తూ తిరిగేటప్పుడు కొన్ని నిమిషాలకోసారి గాలి కోసం పైకి వస్తుంది. రాతి కింద కునుకు తీసేటప్పుడైతే గంటల తరబడి రాకపోవచ్చు. దాన్ని దగ్గరగా చూడాలంటే మనం దాని వెంట పడనక్కర్లేదు, అదే పైకి వస్తుంది. పక్కగా, మూడు నాలుగు మీటర్ల దూరంలో కదలకుండా తేలుతూ ఉండాలి. సరిగ్గా దాని నెత్తిన తేలితే గాలికి వచ్చే దారిని మూసినట్టు అవుతుంది, బెదిరి మరో వైపు పోతుంది. కాబట్టి ఈ వ్యవహారంలో మనం డబ్బిచ్చి కొనేది సీటును కాదు, ఓపిక పట్టడానికి కావలసిన సమయాన్ని. షేర్ పడవలో దొరకనిది అదొక్కటే.

పడవ మాట్లాడుకుంటే ఆ సమయం దొరుకుతుందా? దొరికింది. మాల్దీవుల్లో, రిసార్టులో కాకుండా స్థానికులు ఉండే ఒక దీవిలో చిన్న అతిథిగృహంలో దిగాం. అక్కడి పడవను ధోనీ అంటారు. (ఆ పేరు విని మావాడు హెలికాప్టర్ షాట్ ఆడి చూపించాడు, పడవవాడికీ అర్థమైంది.) పొద్దున్నే, మిగతా పడవలు కదలకముందే బయలుదేరాం. పగడపు దిబ్బకు చాలా ఇవతలే ఇంజను ఆపేసి, అలల మీద మెల్లగా జరగనిచ్చాడు. అప్పుడు కనిపించింది హాక్స్‌బిల్ తాబేలు. గద్ద ముక్కులా వంగిన మూతి దానిది. ఆ మూతిని పగడాల సందుల్లోకి దూర్చి స్పంజికలనే మెత్తటి సముద్ర జీవులను పీకి తింటుంది. అది పీకినప్పుడల్లా ముక్కలు పైకి లేస్తుంటే, వాటి కోసం పసుపు చారల చేపలు రెండు దాని మెడ చుట్టే తిరుగుతున్నాయి, పొలంలో నాగలి వెనక కొంగలు నడిచినట్టు. పావుగంట చూశాం. ఒకసారి నాకు రెండు బారల దూరంలో పైకి లేచి, తల బయట పెట్టి, "ఫూ" అని గాలి వదిలి, పీల్చి, మళ్ళీ కిందికి దిగింది. నీళ్ళలో చెవులు మునిగి ఉన్నా ఆ చప్పుడు వినిపించింది. ఎవరూ ఎవరినీ పిలవలేదు. పడవవాడు గడియారం చూడలేదు.

అందుకని మాట్లాడుకున్న పడవే గొప్పదని అక్కకు వెంటనే ఓటు వేయను. డబ్బు మొత్తం మనమే ఇస్తున్నాం కాబట్టి తాబేలును ఎలాగైనా చూపించి తీరాలని పడవవాడికి ఉబలాటం పుడుతుంది. మరునాడు వేరే పడవవాడితో అదే జరిగింది. తాబేలు తల కనిపించగానే ఇంజను పెంచి దాని మీదికి పోనిచ్చాడు. పైకి వచ్చే తాబేళ్ళకు పడవ ప్రొపెల్లర్ పెద్ద శత్రువు. వద్దని అరిచి ఆపించాను. అతను చిన్నబుచ్చుకున్నాడు, మిగతా పూట ముభావంగా సాగింది. ఆ పూట అతను పడవలో ఒక్కడే వచ్చాడు కూడా. మనం నీళ్ళలో ఉన్నప్పుడు ఒకరు పడవలో, ఒకరు మనతో నీళ్ళలో ఉండాలి. షేర్ పడవల్లో మనుషులు ఎక్కువ కాబట్టి ఈ ఏర్పాటు మామూలుగా ఉంటుంది. పడవంతా మనదే అయినప్పుడు మనం అడిగి చూసుకోవాలి.

ఇక ఒడ్డు నుంచి దిగడం. మా ఆవిడ మాటను అందరూ తేలిగ్గా తీసేశారు గానీ నాకు అన్నిటికంటే ఎక్కువ తాబేళ్ళు కనిపించింది ఇలాగే, లక్షద్వీప్‌లోని అగట్టిలో. దీవికి పడమటి వైపు పగడపు గోడ అడ్డుగా ఉండటంతో లోపలి నీళ్ళు చెరువులా నిలకడగా ఉంటాయి. నడుం లోతు నుంచి మొదలుపెట్టి మెల్లగా ముందుకు పోవచ్చు, భయం వేస్తే కాళ్ళు ఆనించి నిలబడవచ్చు. గడ్డి ఉన్న చోట పచ్చ తాబేళ్ళు. పెద్దవి నూరు కిలోలు దాటతాయి, నీళ్ళలో మాత్రం బరువన్నదే లేనట్టు తిరుగుతాయి. ఒక చిక్కు ఉంది. 2000ల్లో అగట్టి నీళ్ళలో పచ్చ తాబేళ్ళు ఎంతగా చేరాయంటే సముద్రపు గడ్డిని మొదలంటా మేసేశాయి. ఆ గడ్డిలో పెరిగే చేపలు తగ్గిపోతున్నాయని జాలరులు మొత్తుకున్నారు. గడ్డి పలచబడగానే తాబేళ్ళు పక్క దీవుల వైపు మళ్ళాయి. అంటే పోయినేడు కనిపించిన చోట ఈ ఏడు కనిపిస్తాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఇప్పుడు గడ్డి ఎక్కడ దట్టంగా ఉందని దీవి జాలరిని అడగడమే దారి. పడవ వేసుకుని ఊళ్ళు తిరగడం కంటే ఆ ఒక్క ప్రశ్న ఎక్కువ పని చేస్తుంది.

శ్రీలంకలోని హిక్కడువలో కూడా ఒడ్డుకే వస్తాయి. అక్కడ జనం మోకాలి లోతులో నిలబడి చేత్తో నాచు తినిపిస్తూ ఫోటోలు దిగుతారు. దాన్ని నేను ఈ పోటీలో కలపను. గుడి ముందు కోతికి అరటిపండు ఇవ్వడం లాంటిదది. మనిషి చేతికి అలవాటుపడిన తాబేలు పడవల దగ్గరికి కూడా అదే నమ్మకంతో వస్తుంది. మన దేశంలోనైతే ఇక్కడి సముద్రాల్లో తిరిగే అయిదు జాతులూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న మొదటి షెడ్యూలులో ఉన్నాయి, పులి పక్కనే.

ఎక్కడికి అన్నదాన్ని మన బడి సెలవులే సగం తేల్చేస్తాయి. దసరాకు లక్షద్వీప్ అప్పుడే వానల్లోంచి తేరుకుంటుంటుంది, అండమాన్‌లో చినుకు ఇంకా పోదు. వేసవి సెలవులు ఏప్రిల్ చివర మొదలయ్యేసరికి లక్షద్వీప్‌కూ అండమాన్‌కూ మంచి రోజులు మే మధ్య దాకానే, ఆ తర్వాత నైరుతి గాలులు. మేలో తప్పనిసరి అయితే శ్రీలంక తూర్పు తీరం మేలు, అక్కడ త్రింకోమలి దగ్గర పావురాల దీవి వైపు అప్పుడే సముద్రం నెమ్మదిస్తుంది. సంక్రాంతికి మాత్రం అన్నీ అనుకూలమే: లక్షద్వీప్, అండమాన్, మాల్దీవులు, శ్రీలంక నైరుతి తీరం. అండమాన్‌కు హైదరాబాద్ నుంచి నేరుగా ఎగరవచ్చు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకు అది చిన్న విషయం కాదు. మాల్దీవుల్లో మనవాళ్ళకు దిగగానే వీసా ఉచితంగా ఇస్తారు, బయలుదేరే ముందు 96 గంటల్లోపు ఆన్‌లైన్‌లో వివరాలు నింపాలి. లక్షద్వీప్‌కు పాస్‌పోర్టు అక్కర్లేదు గానీ ప్రవేశ అనుమతి తప్పనిసరి. కొచ్చి నుంచి అగట్టికి విమానంలో సీట్లు తక్కువ, ముందుగా చూసుకోవాలి. మందు లేకపోతే సెలవు కాదనుకునేవాళ్ళు బంగారం దీవి తప్ప మిగతా లక్షద్వీప్ మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు.

ఇంత దూరం ఎందుకు, విశాఖలో తాబేళ్ళు లేవా అని అమ్మ అడిగింది. ఉన్నాయి, ఆలివ్ రిడ్లేలు. జనవరి నుంచి రాత్రిపూట మన తీరం మీదికే వచ్చి గుడ్లు పెడతాయి. నెలన్నర, రెండు నెలలకు పిల్లలు బయటికి వస్తాయి. అటవీశాఖవాళ్ళు ఆ గుడ్లను సేకరించి, పొదిగించి, పిల్లలను తెల్లవారుజామున సముద్రంలోకి వదులుతారు. అది చూడటానికి పడవా వద్దు, మాస్కూ వద్దు. నీళ్ళలో దిగి చూడటం మాత్రం కష్టం, మన తీరపు నీళ్ళు అంత తేటగా ఉండవు. శ్రీకూర్మంలో కూర్మనాథుణ్ణి ఎన్నిసార్లు దర్శించుకుందో అమ్మకే లెక్క తెలియదు. ఈ ప్రయాణానికి తనూ వస్తానని ఆ ఊపులోనే అన్నది. నీళ్ళలో మాత్రం దిగదట.

అమ్మ వస్తుందనడంతో లెక్క మారిపోయింది. షేర్ పడవకు తలకు ఇంత అని తీసుకుంటారు, మాట్లాడుకుంటే పడవకు ఇంత అని. ఇద్దరు వెళ్ళే జంటకు రెండోది దండగ. పొద్దున్నే బయలుదేరే మొదటి షేర్ పడవ, అదీ చిన్నది చూసుకుంటే చాలు. మేము ఎనిమిది మందిమి, అందులో ఇద్దరు పిల్లలు, ఒక మీసం, నీళ్ళలో దిగని ఒక అమ్మ. ఎనిమిది తలలకు షేర్ పడవ డబ్బు కడితే మాట్లాడుకున్న పడవకు పెద్ద దూరంలో ఉండదు. అక్క మాటా నెగ్గింది, మా ఆవిడ మాటా నెగ్గింది: వెళ్ళేది అగట్టికే, అక్కడ మొదటి రెండు రోజులు ఒడ్డు నుంచే, అందరికీ మాస్కు అలవాటయ్యేదాకా. మూడో రోజు పొద్దున ఒక్క పూట పడవ మాట్లాడుకుని దక్షిణ కొసన జనం లేని కల్‌పిట్టి వైపు. తొలిరోజే పడవ ఎక్కి, నడిసముద్రంలో మొదటిసారి గొట్టంలోకి నీళ్ళు పోయించుకున్నవాణ్ణి నేను చూశాను. తాబేలు కాదు కదా, తిరిగి పడవ నిచ్చెన ఎక్కడుందో కూడా వాడికి కనబడలేదు.

నిన్న రాత్రి అక్కడి పడవవాడితో ఫోన్‌లో మాట్లాడాను. పడవ నడపడానికి ఒకరు, మాతో నీళ్ళలోకి ఒకరు వస్తారా, తాబేలు కనిపిస్తే ఇంజను ఎంత దూరంలో ఆపుతారు, నిచ్చెన ఉందా, పిల్లల కొలతకు లైఫ్ జాకెట్లు ఉన్నాయా అని అడిగాను. అన్నిటికీ టకటకా జవాబు చెప్పాడు. పడవకు నీడ ఉందా అని అడిగితే మాత్రం కాసేపు ఆగాడు. మేము నీళ్ళలో ఉన్నంతసేపూ అమ్మ అందులోనే కూర్చోవాలి. నాలుగు కర్రలు పాతి టార్పాలిన్ కడతానన్నాడు. కట్టాక ఫోటో పంపమన్నాను. అడ్వాన్సు అది వచ్చాకే.