సెలవుల తర్వాత ఇంటి చదువు: ఒకేసారి మొదలెట్టాలా, మెల్లగానా?

ఏపీ, తెలంగాణల్లో మామూలుగా జూన్ 12కి బడులు తెరుస్తారు. బడికెళ్లే పిల్లలున్న ఇళ్లలో సగం దినచర్యను వ్యాన్ హారనే సర్దేస్తుంది. ఇంట్లోనే చదివించుకునేవాళ్లకి ఆ హారన్ లేదు. అర్ధరాత్రి దాకా ఐపీఎల్, అమ్మమ్మగారి ఊళ్లో డాబా మీద పడక, తొమ్మిదింటికి లేవడం, పదకొండింటికి టిఫిన్... వీటన్నిటినీ మళ్లీ దారిలో పెట్టాల్సింది అమ్మానాన్నలే. ఒక సోమవారం చూసుకుని పూర్తి టైంటేబుల్ మొదలుపెట్టాలా, రెండు మూడు వారాల్లో నెమ్మదిగా అలవాటు చేయాలా అన్నదే ప్రశ్న.

ఒకేసారి మొదలెట్టడంలో ఒక సుఖముంది: బేరాలుండవు. "రేపట్నుంచి చదువుతా" అనే మాటకు చోటుండదు. చిక్కంతా నిద్రతోనే. తొమ్మిదింటికి లేచే పిల్లని ఆరింటికి లేపినంత మాత్రాన ఆ రాత్రి నిద్ర మూడు గంటలు ముందుకు రాదు. ఒంట్లోని గడియారం మెల్లగానే జరుగుతుంది. సోమవారం పుస్తకం మీదే కునుకు, మంగళవారం లెక్కల దగ్గర ఏడుపు, బుధవారానికి అమ్మ గొంతు పెరుగుతుంది. గురువారం "సర్లే, వచ్చే వారం చూద్దాం". టైంటేబుల్ పోతే మళ్లీ రాసుకోవచ్చు. నాలుగు రోజులు మొండికేస్తే అదే ఆగిపోతుందని పిల్లకి తెలిసిపోతుంది చూడండి, అదీ నష్టం.

అందుకే పదమూడేళ్ల లోపు పిల్లలకి నా ఓటు మెల్లగా వెళ్లడానికే. అయితే మెల్లగా అంటే రోజుకో గంట చదువు పెంచడం కాదు. ముందు కొత్త పాఠాల జోలికే పోకుండా లేచే టైం సరిచేయాలి. రెండు రోజులకోసారి ఇరవై నిమిషాలు ముందుకు జరిపితే, తొమ్మిది నుంచి ఏడుకి రావడానికి 12 రోజులు. లేవగానే కర్టెన్లు తీసి బాల్కనీలోకో వాకిట్లోకో పంపండి. పొద్దుటి వెలుతురే ఒంటికి అసలైన అలారం. 6 నుంచి 12 ఏళ్ల వాళ్లకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలంటారు. అంటే ఏడింటికి లేవాలంటే ఎంత ఆలస్యమైనా పదింటికి కళ్లు మూతపడాలి, ఫోన్ అంతకంటే ముందే హాల్లోకి వెళ్లిపోవాలి. పెద్దవాళ్ల ఫోన్ కూడా.

మొదటి వారం చదువంటే కలిసి కూర్చుని పైకి చదువుకునే కథల పుస్తకం, అంతే. రెండో వారం లెక్కలు, అవీ పోయిన ఏడాదివే. 432ని 4తో భాగించమంటే 108కి బదులు 18 వచ్చిందనుకోండి, తిట్టాల్సిన పనిలేదు. లెక్క వచ్చు, మధ్యలో సున్నా పెట్టే అలవాటు జారిపోయింది. నాలుగు రోజులు అలాంటివే చేయిస్తే దారిలో పడుతుంది. కొత్త పాఠం ఆ తర్వాతే.

ఈ పద్ధతికీ ఒక జబ్బుంది. "మెల్లగా" కాస్తా బోనాలు దాటి వినాయక చవితి దాకా సాగుతుంది. ఏ తేదీకి ఏ మెట్టో ముందే క్యాలెండర్ మీద రాసి గోడకి తగిలించాలి.

గంటలు చూసుకోకుండా స్నానం, టిఫిన్, పుస్తకం, ఆట అని వరస మాత్రం పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. చిన్నపిల్లలకీ, నాన్నకి షిఫ్టులు మారే ఇళ్లకీ అదే హాయి. కాకపోతే "ఇంట్లోనేగా ఉంటారు" అని పదకొండింటికి దిగే చుట్టాలు ముందు పాడుచేసేది ఆ వరసనే.

ఎన్‌ఐఓఎస్‌లో (బడికెళ్లకుండానే చదివి పరీక్షలు రాసే కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్) పదో తరగతి రాసే పిల్లల సంగతి వేరు. 14 నిండితేనే అందులో చేర్చుకుంటారు, పబ్లిక్ పరీక్షలు ఏడాదికి రెండుసార్లు: ఏప్రిల్-మేలో, అక్టోబర్-నవంబర్‌లో. అక్టోబర్‌లో రాయాలంటే జూన్ మధ్య నుంచి మిగిలేది నాలుగు నెలలే, సబ్జెక్టులేమో కనీసం ఐదు. అక్కడ మూడు వారాలు అలవాటుకే పోతే టెన్షన్ తప్పదు. ఆ పిల్లాడికి ఒకేసారి మొదలెట్టడమే మేలు, కానీ ఆరింటికి కాదు. ఆ వయసులో రాత్రి నిద్ర ఆలస్యంగానే పడుతుంది. చదువు తొమ్మిదికి మొదలుపెట్టినా పూర్తి టైంటేబుల్ పూర్తి టైంటేబులే.

ఇలాంటి అన్న, మూడో తరగతి చెల్లి ఒకే ఇంట్లో ఉంటే ఎవరి పద్ధతి వాళ్లకే ఉంచండి. "దానికి కథలు, నాకు సైన్సా?" అని అన్న గొణుగుతాడు. టిఫిన్ మాత్రం ఇద్దరికీ ఒకే టైంకి పెట్టండి, ఆదివారం కూడా.