లారియనా, అబ్సిడియనా, బెథెస్డానా: ఆర్పీజీల్లో ఎవరి పనితనం మేలు?

"ఏటన్నా, సేల్ వచ్చింది, ఏది కొనమంటావు?" రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు కుర్రాళ్ల నుంచి కంప్యూటర్ గేమ్‌ల సేల్ వచ్చిన ప్రతిసారీ ఇదే ప్రశ్న. అడిగేవాళ్లలో చాలామంది ఇంజినీరింగ్ హాస్టళ్లలో ఉన్నవాళ్లే. బెథెస్డావారి స్కైరిమ్ ఆడేశారు, లారియన్‌వారి బాల్డర్స్ గేట్ 3 వీడియోలు చూశారు, అబ్సిడియన్‌వారి ఫాల్అవుట్ న్యూ వేగస్ పేరు విన్నారు. మూడూ ఆర్పీజీలే, అంటే ఒక పాత్రలోకి దూరి ఆడే గేమ్‌లు. గేమ్ గేమ్‌కీ విడిగా జవాబు చెప్పేకంటే వాటిని తయారుచేసినవాళ్లను పక్కపక్కన పెట్టి చూద్దాం. స్టూడియోల అలవాట్లు అంత తొందరగా మారవు.

గ్రాఫిక్స్ ఎలా ఉన్నాయి, మ్యాప్ ఎంత పెద్దది అన్నవి నాకు తర్వాతి సంగతులు. నేను ముందు చూసేది ఒక్కటే. గేమ్ మనతో చేయించాలనుకున్న పని మనం చేయకపోతే ఏమవుతుంది? కాపాడమన్న మనిషిని చంపేస్తే, కలవమన్న నాయకుడికి ఎదురు తిరిగితే, గేమ్ దగ్గర దానికి జవాబు ఉందా, లేక మనల్ని చెయ్యి పట్టుకుని మళ్లీ దారిలోకి లాక్కొస్తుందా?

ఈ పరీక్షలో బెథెస్డా రాను రాను వెనకబడింది. 2002 నాటి మారోవిండ్‌లో కథకు కీలకమైన మనిషిని కూడా చంపేయవచ్చు. చంపితే జోస్యం దారం తెగిపోయిందని ఒక హెచ్చరిక వస్తుంది. పాత సేవ్ (ఆటలో ముందు దాచుకున్న చోటు) లోడ్ చేసుకుంటావో, పాడైన లోకంలోనే బతుకుతావో నీ ఇష్టం అంటుంది. 2006లో అబ్లివియన్ వచ్చేసరికి ముఖ్యమైనవాళ్లు చావడం మానేశారు. 2011 నాటి స్కైరిమ్‌లో ఎంత కొట్టినా మోకాళ్ల మీద కూలబడి, కాసేపటికి లేచి దులుపుకుని వెళ్లిపోతారు. మంత్రవిద్య పెద్దగా రాని గొడ్డలి వీరుడు మంత్రగాళ్ల కాలేజీకి పెద్ద అయిపోతాడు, ఎవరూ ఏమీ అనరు. ఎవరినీ నొప్పించకూడదు, ఏ తలుపూ మూసేయకూడదు అన్న భయం ఇది. 2023 నాటి స్టార్‌ఫీల్డ్‌లో వెయ్యికి పైగా గ్రహాలు పెట్టినా ఆ భయం పోలేదు.

అయినా ఒక్క విషయంలో బెథెస్డాకు సాటి లేదు. దూరంగా ఒక కొండ, దాని మీద ఒక పాడుబడ్డ గోపురం కనిపిస్తే, అక్కడికి నడిచి వెళ్లాలనిపించడం, వెళ్తే ఏదో ఒకటి దొరకడం. దానికి తోడు మోడ్లు, అంటే గేమ్‌కు బయటి నుంచి కలిపే మార్పులు. స్కైరిమ్ ఇన్నేళ్లు బతికి ఉండటంలో ఆడేవాళ్లు తయారుచేసిన మోడ్ల పాత్ర తక్కువేం కాదు.

ఇక అబ్సిడియన్. బ్లాక్ ఐల్ అనే పాత గేమ్ స్టూడియో మూతపడ్డ 2003లోనే అక్కడి నుంచి బయటికి వచ్చినవాళ్లు పెట్టుకున్న స్టూడియో ఇది. 2010 నాటి న్యూ వేగస్‌ను ఏడాదిన్నర సమయంలో, బెథెస్డావారి ఫాల్అవుట్ 3 ఇంజిన్ (గేమ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) మీదే కట్టారు. ఇంజిన్ ఒకటే, బొమ్మలు దాదాపు ఒకటే, కాబట్టి ఈ రెండు గేమ్‌లనూ పోలిస్తే డిజైన్ తేడా ఒక్కటే మిగులుతుంది.

ఫాల్అవుట్ 3లో ఎదుటివాణ్ని మాటలతో ఒప్పించాలంటే శాతాల లెక్క: అదృష్టం బాగుంటే ఒప్పుకుంటాడు, లేకపోతే సేవ్ లోడ్ చేసి మళ్లీ అడగవచ్చు. న్యూ వేగస్‌లో కావాల్సినంత నేర్పు నీ పాత్రకు ఉందా, లేదా, అంతే. ఎన్నిసార్లు లోడ్ చేసినా జవాబు మారదు. నేర్పు చాలకపోతే నీ డైలాగ్ కూడా తడబడుతూ వస్తుంది, చదివితే నవ్వొస్తుంది. వాగ్ధాటి మీదే పాయింట్లన్నీ పోసినవాడు చివర్లో శత్రుసేనాని లానియస్ లాంటి రాక్షసుణ్ని కత్తి దూయకుండా వెనక్కి పంపగలడు. పాయింట్లు తుపాకుల మీద పెట్టినవాడికి ఆ దారి లేదు. పాత్రను తయారుచేసుకోవడానికి అర్థం ఇక్కడ ఉంది.

పిల్లలు తప్ప ఇందులో దాదాపు ఎవరినైనా చంపవచ్చు. ఎవరిని చంపినా కథ ఆగిపోకుండా యెస్ మ్యాన్ అనే రోబోను పెట్టారు. వాణ్ని పేల్చేస్తే ఇంకో రోబో ఒంట్లో తిరిగొచ్చి నవ్వుతూ పలకరిస్తాడు. మొదటి ఊరు గుడ్‌స్ప్రింగ్స్‌లోనే ఊరివాళ్ల వైపు నిలబడవచ్చు, వాళ్ల మీదకొచ్చిన దొంగల ముఠాతో చేతులు కలపవచ్చు. ఇంకో సొగసు పేరుప్రతిష్ఠల లెక్క. మంచి ఒక ఖాతా, చెడు ఒక ఖాతా. ఒకటి పెరిగితే రెండోది తగ్గదు. మన రాయగడలోనూ అంతే కదా. చైతి పండక్కి భారీగా చందా ఇచ్చినవాడు బాకీ ఎగ్గొడితే, జనం చందానూ మర్చిపోరు, బాకీనూ మర్చిపోరు.

అబ్సిడియన్ జబ్బేంటంటే పని పూర్తి చేయకపోవడం. 2004 నాటి స్టార్ వార్స్ నైట్స్ రెండో భాగం ముగింపు తెగిన సినిమా రీలులా ఉంటుంది. కోసేసిన ముక్కల్ని తర్వాత అభిమానులే మోడ్‌తో అతికించాల్సి వచ్చింది. న్యూ వేగస్ కూడా బగ్‌లతోనే విడుదలైంది. రివ్యూల మార్కులు కలిపి చూపే మెటాక్రిటిక్ సైట్‌లో 85 వస్తే బోనస్ అని ఒప్పందమట, వచ్చింది 84.

బెల్జియంవారి లారియన్ ఇదే ప్రశ్నకు ఇంకో రకంగా జవాబిస్తుంది. రచయిత ముందే రాసిపెట్టిన దారుల కంటే గేమ్ నియమాలే ఇక్కడ ఎక్కువ పనిచేస్తాయి. డివినిటీ ఒరిజినల్ సిన్ 2లో శవజాతివాళ్లకు (చచ్చి లేచి తిరిగేవాళ్లకు) విషం మందు, మందు విషం. దాన్ని యుద్ధంలో ఎలా వాడుకుంటావో నీ తెలివి. 2023 నాటి బాల్డర్స్ గేట్ 3లో చచ్చినవాడితో మాట్లాడించే మంత్రం ఉంది. చంపింది నువ్వే అయితే శవం నోరు విప్పదు. వేషం మార్చుకుని వెళ్తే అదే శవం గలగలా మాట్లాడుతుంది. ఇలాంటిది చూసినప్పుడు లేచి నిలబడి చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. మూడేళ్ల దాకా అర్లీ యాక్సెస్‌లో (పూర్తికాకముందే అమ్మి ఆడనివ్వడం) ఉంచి, ఆడేవాళ్ల మాట వింటూ సరిదిద్దుకున్నందుకు ఫలితం కనిపిస్తుంది.

నా పేచీ రెండు చోట్ల. ఒకటి, మాటల్లో నెగ్గడం ఇరవై ముఖాల పాచిక మీద ఆధారపడుతుంది. పాచిక తిరగబడితే చాలామంది ఏం చేస్తారు? లోడ్. రెండోది, చెడ్డదారి పలచన. తోటలో తలదాచుకున్నవాళ్ల మీద గోబ్లిన్లతో కలిసి దాడి చేస్తే మన జట్టులోని విల్, కార్లాక్ మనల్ని వదిలిపోతారు, తర్వాతి ఊళ్లలో కనిపించాల్సిన మనుషులు, వాళ్ల పనులు పోతాయి. బదులుగా దక్కేది తక్కువ. 2024లో ఏడో ప్యాచ్ (విడుదల తర్వాతి సవరణ) చెడ్డ ముగింపులు కొన్ని కలిపింది గానీ, మధ్యలో ఖాళీ ఖాళీగానే ఉంది.

మిగతావాళ్లు క్లుప్తంగా. బయోవేర్ మన వెంట తిరిగే స్నేహితుల పాత్రల్ని రాయడంలో దిట్ట, కానీ మాస్ ఎఫెక్ట్ మూడు భాగాల నిర్ణయాలూ చివరికి రంగు ఎంచుకునే దగ్గర తేలిపోయాయి. పోలండ్ సీడీ ప్రాజెక్ట్‌వారి విచర్ 3లో చెట్టుకింద ఆత్మను వదలడమా చంపడమా అన్న క్వెస్ట్ చాలు వాళ్ల ప్రతిభకు, కాకపోతే అక్కడ గెరాల్ట్ అనే కథానాయకుడిగానే ఉండాలి, నీ పాత్ర నీది కాదు. ఔల్‌క్యాట్ స్టూడియో గేమ్‌లు నియమాల పుస్తకం ఇష్టపడేవాళ్లకే. డిస్కో ఎలిసియం గొప్పదే, కానీ అందులో చదవాల్సింది ఎక్కువ కాబట్టి ఒడియా మీడియంలో చదివి ఇంగ్లిష్ కూడబలుక్కునేవాళ్లకు మొదటి గేమ్‌గా ఇవ్వను.

మన ఊళ్లలో డౌన్‌లోడ్ సంగతి కూడా చూసుకోవాలి. బాల్డర్స్ గేట్ 3కి 150 జీబీ, ఎస్ఎస్‌డీ, మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి. రోజుకు రెండు జీబీ వచ్చే ఫోన్ హాట్‌స్పాట్ మీద అది జరిగే పని కాదు. న్యూ వేగస్ 10 జీబీ, పాత ల్యాప్‌టాప్ మీదా నడుస్తుంది, సేల్‌లో కొన్ని వందలకు వచ్చేస్తుంది.

కాబట్టి ఒంటరిగా ఆడేవాళ్లకు నా ఓటు అబ్సిడియన్‌కే. హాస్టల్ రూమ్‌లో నలుగురు కలిసి ఆడాలనుకుంటే లారియన్ తప్ప వేరే మాట లేదు. బాల్డర్స్ గేట్ బరువనిపిస్తే ఒరిజినల్ సిన్ 2 నలుగురికీ సరిపోతుంది. న్యూ వేగస్ కొంటే మాత్రం మొదలుపెట్టే ముందే 4 జీబీ ప్యాచ్ వేసుకోండి. అది లేకపోతే మెమరీ చాలక గేమ్ మాటిమాటికీ మూసుకుపోతుంది.