బుల్లి గుర్రానికి ఏ నట్టల మందు మేలు?

మినియేచర్ గుర్రాలకు మాక్సిడెక్టిన్ విషంతో సమానమని కొందరంటారు. ఐవర్‌మెక్టిన్ అయితే కళ్లు మూసుకుని పట్టవచ్చని ఇంకొందరు. ఈ తలనొప్పంతా ఎందుకు, ఫెన్‌బెండజోల్ వేస్తే సరిపోతుందని మరికొందరు. మూడు మాటల్లోనూ కొంత నిజం ఉంది. కానీ మందు పేరు దాకా వెళ్లేముందు తేలాల్సిన సంగతి ఒకటుంది: గుర్రం బరువు ఎంత? ఆ ప్రశ్నకు "సుమారుగా" అంటూ జవాబు మొదలైతే, ఆ గుర్రానికి మాక్సిడెక్టిన్ వద్దనే నేను చెబుతాను.

అమెరికన్ మినియేచర్ హార్స్ అసోసియేషన్ నిబంధన ప్రకారం, జూలు చివరి వెంట్రుకల దగ్గర కొలిస్తే ఎత్తు 34 అంగుళాలు దాటకూడదు. ఇంత చిన్న గుర్రాలు చాలావరకు 70 నుంచి 120 కిలోల మధ్య తూగుతాయి. పేస్టు సిరంజిలు మాత్రం మామూలు గుర్రాన్ని మనసులో పెట్టుకుని తయారైనవి. ఒక్కో దానిలో 500 నుంచి 600 కిలోల జంతువుకు సరిపడే మందు ఉంటుంది. 90 కిలోల గుర్రం నోట్లో ఆ సిరంజి మొత్తం ఖాళీ అయితే ఆరు రెట్ల మోతాదు పడినట్టే. ఇక్కడే ఐవర్‌మెక్టిన్, మాక్సిడెక్టిన్ దారులు వేరవుతాయి.

ఐవర్‌మెక్టిన్ మోతాదు కిలో బరువుకు 0.2 మిల్లీగ్రాములు. 90 కిలోలకు 18 మిల్లీగ్రాములు, అంటే 1.87 శాతం పేస్టులో ఒక గ్రాముకు కాస్త తక్కువే. ఈ మందుకు వెసులుబాటు ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్న, ఎదిగిన గుర్రాల్లో తూలడం, కంటిపాపలు పెద్దవి కావడం, మందకొడితనం వంటి లక్షణాలు పది రెట్ల మోతాదు దగ్గర నమోదయ్యాయి. ఆరు రెట్లు పడితే ఏమీ కాదని నేను అనను. వెంటనే పశువైద్యుడికి ఫోను చేయాల్సిందే. అయినా ఆ ఫోను చేసే మనిషికి కాస్త ధైర్యం ఉంటుంది.

మాక్సిడెక్టిన్ మోతాదు కిలోకు 0.4 మిల్లీగ్రాములు. అదే 90 కిలోలకు 36 మిల్లీగ్రాములు, 2 శాతం జెల్‌లో 1.8 మిల్లీలీటర్లు. ఎదిగిన గుర్రాలు మూడు రెట్ల దాకా తట్టుకుంటాయని చెప్పుకోవచ్చు, ఆపైన భరోసా లేదు. పిల్లల్లో, బక్కచిక్కిన వాటిలో ఆ మాత్రం వెసులుబాటు కూడా ఉండదు. ఆరు రెట్లు పడిన బుల్లి గుర్రం కొన్ని గంటల్లోనే కింది పెదవి వేలాడేసుకుని, కాళ్లు తడబడుతూ, చివరికి కూలబడిపోవచ్చు. ఊపిరి నెమ్మదించి స్పృహ కోల్పోయిన సందర్భాలూ ఉన్నాయి. విరుగుడు మందు లేదు. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కిస్తూ, ఊపిరి ఆగకుండా చూసుకుంటూ, మందు ప్రభావం దిగేదాకా రోజుల తరబడి కాపలా కాయడమే వైద్యం.

ఒకే కుటుంబానికి చెందిన ఈ రెండు మందుల మధ్య ఇంత తేడా రావడానికి ఒక కారణం కొవ్వు. మాక్సిడెక్టిన్ కొవ్వులో బాగా కరుగుతుంది. ఒంట్లోకి వెళ్లాక కొవ్వులో నిలవ ఉండి కొద్దికొద్దిగా బయటికి వస్తుంది. దాని పని వారాల తరబడి సాగడానికి కారణమూ అదే. దాచుకునే కొవ్వే లేని గుర్రంలో మందు రక్తంలోనే ఎక్కువగా మిగిలి, మెదడు వైపు వెళ్లే వీలు పెరుగుతుంది. అందుకే చిక్కిన, జబ్బుపడిన గుర్రాలకు వాడవద్దని లేబుల్ మీదే ఉంటుంది. పిల్లల విషయంలో అమెరికా లేబుల్ 6 నెలల లోపు వద్దంటే, ఐరోపాలో ఆ హద్దు 4 నెలలు.

బుల్లి గుర్రాలతో ఇంకో చిక్కు ఉంది. చలికాలంలో వీటికి బొచ్చు దట్టంగా పెరుగుతుంది. దూరం నుంచి చూస్తే గుండ్రంగా, బొద్దుగా కనిపిస్తాయి. నట్టలున్న గుర్రానికి పొట్ట కూడా కిందికి జారి ఉంటుంది కాబట్టి మోసం రెట్టింపు. అరచేతిని బొచ్చు లోపలికి పోనిచ్చి పక్కటెముకల మీద వేళ్లతో నొక్కి చూస్తే గానీ అసలు సంగతి తెలియదు. ఎముకలు వేళ్లకు గరుకుగా, ఒక్కొక్కటీ విడివిడిగా తగిలితే అది చిక్కిన గుర్రం. వెన్నెముకకు అటూ ఇటూ, నడుము దగ్గర కూడా తడిమి చూడాలి. మాక్సిడెక్టిన్ సిరంజి విప్పేముందు ఈ పని చేయని వాళ్ల చేతుల్లోంచి దాన్ని లాగేసుకోవాలనిపిస్తుంది నాకు.

ఇంత చెప్పాక ఆ మందును పక్కన పడేయవచ్చు కదా అనిపిస్తుంది. అలా చేయలేకపోవడానికి కారణం చిన్న స్ట్రాంగైల్ నట్టలు. వీటి పిల్లపురుగులు పెద్దపేగు గోడలోకి దూరి, చుట్టూ తిత్తి కట్టుకుని నెలల తరబడి పడుకుంటాయి. ఒకేసారి లేచి బయటపడితే తీవ్రమైన విరేచనాలు పట్టుకుంటాయి, ప్రాణం మీదికి వస్తుంది. తిత్తుల్లో ఉన్న వాటిని ఐవర్‌మెక్టిన్ తాకదు. మాక్సిడెక్టిన్ ఒక్క మోతాదుతో వాటిలో చాలా వాటిని చంపగలదు. కాబట్టి తూకం తెలిసి, ఒళ్లు నిండుగా ఉన్న, ఎదిగిన గుర్రానికి, పశువైద్యుడు లెక్కకట్టిన మోతాదుతో ఏడాదికి ఒకసారి ఇవ్వడంలో అర్థం ఉంది. చీటికీ మాటికీ వాడే మందు మాత్రం కాదు.

మరి ఫెన్‌బెండజోల్? భద్రతే కొలమానమైతే ఇదే మొదటి స్థానం. కిలోకు 5 మిల్లీగ్రాములు మామూలు మోతాదు. 10 మిల్లీగ్రాముల చొప్పున వరుసగా 5 రోజులు ఇచ్చే పద్ధతీ ఉంది. అందులో మామూలుకు పది రెట్ల మందు లోపలికి వెళ్లినా గుర్రాలు తట్టుకుంటాయి. కొలతలో చిన్న పొరపాటు జరిగినా కొంప మునగదు. చిక్కల్లా, చాలాచోట్ల ఈ మందు గుర్రానికి ఎంత భద్రమో చిన్న స్ట్రాంగైల్ నట్టలకూ అంతే భద్రం. దశాబ్దాల వాడకంతో అవి ఈ మందుకు లొంగడం మానేశాయి. 5 రోజుల పద్ధతి ఒకప్పుడు తిత్తుల్లోని పురుగులకు కూడా పనిచేసేది. మందుకు అలవాటుపడిన నట్టలున్న చోట ఇప్పుడు దాన్ని నమ్ముకోవడం కష్టం. ఎదిగిన గుర్రానికి దీన్ని వేసి పని అయిపోయిందనుకోవడం నాకు నచ్చదు. ఏ ప్రమాదమూ జరగలేదన్న తృప్తి మిగులుతుంది, నట్టలు కూడా మిగులుతాయి.

పిల్లల దగ్గరికి వస్తే ఈ లెక్క తలకిందులవుతుంది. గుర్రపు పిల్లల్లో ప్రధాన శత్రువు ఏలికపాములు. ఎదిగిన గుర్రాలకు వయసుతో వీటిని తట్టుకునే శక్తి వస్తుంది, పిల్లలకు ఉండదు. ఒక్కో ఆడ పాము 30 సెంటీమీటర్లు దాటి పెరగగలదు. అలాంటివి గుంపుగా ఉన్న పిల్లకు ఐవర్‌మెక్టిన్ గానీ, పైరాంటెల్ అనే మరో నట్టల మందు గానీ పడితే అవి ఒక్కసారిగా చచ్చుబడి, ఉండలా చుట్టుకుని చిన్నపేగుకు అడ్డం పడతాయి. ఆ ఉండ ఎంత పెద్దదైనా పెద్ద జాతి పిల్లకు పేగు కొంచెం వెడల్పుగా ఉంటుంది. బుల్లి గుర్రపు పిల్ల పేగు సన్నం. మందు పట్టిన మర్నాడే కడుపునొప్పితో దొర్లుతూ, ఆపరేషన్ బల్ల ఎక్కాల్సిన పరిస్థితి రావచ్చు. ఫెన్‌బెండజోల్ వాటిని నెమ్మదిగా చంపుతుంది, అందుకే పొట్ట ఉబ్బి, బొచ్చు మాసి కనిపించే పిల్లకు మొదట దీన్నే ఎంచుకోవాలి. పైగా ఏలికపాములు ఐవర్‌మెక్టిన్ కుటుంబానికి లొంగకపోవడం చాలా దేశాల్లో బయటపడింది. ఫెన్‌బెండజోల్ చాలాచోట్ల వాటి మీద ఇంకా పనిచేస్తోంది. మొదటి మోతాదు పిల్లకు 2 నుంచి 3 నెలల వయసులో, రెండోది పాలు మాన్పించే నాటికి, 4 నుంచి 6 నెలల మధ్య ఇవ్వడం పశువైద్యుల్లో స్థిరపడిన పద్ధతి.

పైరాంటెల్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పేగు నుంచి ఒంట్లోకి పెద్దగా చేరదు కాబట్టి భద్రమైనదే. లొంగని నట్టల సమస్య దీనికీ ఉంది. బద్దెపురుగులకు ప్రాజిక్వాంటెల్ మంచిది, దానికీ వెసులుబాటు ఎక్కువే. అయితే దాన్ని మాక్సిడెక్టిన్‌తో కలిపి అమ్మే జెల్‌కు మాక్సిడెక్టిన్ జాగ్రత్తలన్నీ వర్తిస్తాయి. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో బద్దెపురుగుల మాటే కనబడినా, చిన్న అక్షరాల్లో ఏ మందు కలిసి ఉందో చదవాలి.

ఇక బరువు. దీని మీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే పైన చెప్పిన ఎంపికలన్నీ దీని మీదే నిలబడతాయి. ఛాతీ చుట్టుకొలత 40 అంగుళాలు, భుజం కొస నుంచి పిరుదు కొస వరకు పొడవు 38 అంగుళాలు ఉన్న ఒక గుర్రాన్ని తీసుకోండి. పెద్ద గుర్రాలకు వాడే పాత సూత్రంలో చుట్టుకొలతను దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 330తో భాగిస్తారు. జవాబు 184 పౌండ్లు, అంటే సుమారు 84 కిలోలు. మినియేచర్ల కోసం వేరే సూత్రం ఉంది: చుట్టుకొలతను 9.36తో, పొడవును 5.01తో గుణించి, రెండూ కలిపి 348.53 తీసేయాలి. ఈసారి జవాబు 216 పౌండ్లు, అంటే 98 కిలోలు. ఒకే గుర్రం, ఒకే టేపు, 14 కిలోల తేడా. పెద్ద గుర్రాల కోసం గుర్తులు అచ్చువేసిన బరువు టేపులు కూడా వీటి మీద నమ్మదగినవి కావు. గొర్రెలు, మేకలను తూచే కాటా ఎక్కించగలిగితే అన్నిటికన్నా మేలు. బుల్లి గుర్రంతో ఉన్న సౌకర్యమే అది, కాటా మీద పడుతుంది.

బరువు తెలిసినా సిరంజి దగ్గర ఇంకో గండం ఉంది. చాలా ఐవర్‌మెక్టిన్ ట్యూబుల మీద మొదటి గుర్తు 100 నుంచి 115 కిలోల దగ్గర ఉంటుంది. 75 కిలోల గుర్రానికి గుర్తే లేదు. సిరంజి దండె మీద, మోతాదు దగ్గర మందును ఆపే రింగును కంటిచూపుతో అంచనా వేసి బిగిస్తే అది కొలత కాదు. పేస్టును చిన్న డోసింగ్ సిరంజిలోకి ఎక్కించి కొలిచి ఇవ్వడం మేలు. రింగు సరిగ్గా బిగుసుకోకపోతే, గుర్రం తల విదిల్చిన క్షణంలో బొటనవేలి ఒత్తిడికి మొత్తం మందు లోపలికి పోతుంది. మాక్సిడెక్టిన్ ప్రమాదాల్లో ఇది తరచూ వినబడే కారణం. రింగు బిగించాక గుర్రం నోటి దగ్గరికి తీసుకెళ్లకముందే, దండెను మెల్లగా నొక్కి రింగు దగ్గర ఆగుతోందో లేదో చూసుకోవాలి. ద్రవరూపంలో ఉన్న ఫెన్‌బెండజోల్ అయితే సీసా అడుగున మందు పేరుకుంటుంది, బాగా కుదపాలి. పశువుల కోసం వచ్చే ఇంజెక్షన్లు, వీపు మీద పోసే మందులు గుర్రానికి వాడకూడదు.

భయంతో తక్కువ ఇవ్వడమూ పరిష్కారం కాదు. సగం మోతాదుకు చావని నట్టలే సంతానాన్ని పెంచుతాయి, రేపటికి ఆ మందు పనికిరాదు. అందుకే మందుకు ముందు లద్దె పరీక్ష, అంటే లద్దెలోని నట్టల గుడ్లను లెక్కించే పరీక్ష చేయించాలంటాను. గ్రాముకు 200 గుడ్ల లోపు ఉన్న, ఎదిగిన గుర్రానికి మాటిమాటికీ మందు పట్టే అవసరమే లేదు. 500 దాటితే వైద్యం తప్పదు. మందు ఇచ్చాక సుమారు 14 రోజులకు మళ్లీ లెక్కిస్తే ఆ మందు మీ పాకలో పనిచేస్తోందో లేదో తేలుతుంది. తిత్తుల్లోని పురుగులు ఈ పరీక్షకు అందవన్నది గుర్తుంచుకోవాలి.

ఎక్కడి నుంచో తెచ్చిన, చరిత్ర తెలియని, చిక్కిన, ఎదిగిన గుర్రం ఇంటికి వస్తే నేను మాక్సిడెక్టిన్ జోలికి పోను. ముందు లద్దె పరీక్ష, మేత, నీళ్లు. తర్వాత పశువైద్యుడితో మాట్లాడి ఐవర్‌మెక్టిన్ లేదా ఫెన్‌బెండజోల్. ఒళ్లు పట్టాక మిగతా సంగతి. ఏ మందు ఇచ్చినా ఒకటి రెండు రోజులు మేత మీద కన్నేసి ఉంచాలి. బుల్లి గుర్రాలు ఒక పూట మేత మానేసినా తేలిగ్గా తీసుకోకూడదు. వాటి ఒంట్లోని కొవ్వు కరిగి రక్తంలోకి వరదలా దిగే హైపర్‌లిపీమియా వీటిలో, పోనీల్లో, గాడిదల్లో ఎక్కువ. మందుతో నిమిత్తం లేకుండా అదే ప్రాణం తీయగలదు.

మందు పట్టేటప్పుడు కుక్కలను కట్టేయాలి. గుర్రం ఉమ్మేసిన చిన్న ముద్ద కూడా కుక్కకు పెద్ద మోతాదే. కోలీ వంటి జాతుల్లో చాలా వాటికి ఐవర్‌మెక్టిన్, మాక్సిడెక్టిన్ వంటి మందులను మెదడు దాకా పోకుండా ఆపే వ్యవస్థ పుట్టుకతోనే లోపించి ఉంటుంది. నేల మీద పడినదాన్ని తుడిచేసి, ఖాళీ ట్యూబును మూతపెట్టి చెత్తలో వేశాకే కుక్కను విప్పాలి.